పుంజు పుట్టింది, మిఠాయిలు పంచకండి

మగపిల్లాడు పుట్టాడంటే మొహాలు వేలాడేసే చోటు మన దేశంలో ఒక్కటే ఉంది: కోళ్ళ గూడు. వంశోద్ధారకుడి కోసం కొండకు మొక్కుకున్న ఇంట్లోవాళ్ళే డాబా ఎక్కి, "దేవుడా, అన్నీ పెట్టలే కావాలి" అని దణ్ణం పెడుతున్నారు.

మా అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు ఆయన రిటైరయ్యాక కోళ్ళలో దిగారు. కొన్నాళ్ళకు గుడ్లు తినడం చాలక పిల్లల్ని తీయించాలనిపించింది. పల్లెలో ఈ పనికి కోడే చాలు. పొదుగుకొచ్చిన పెట్టను గడ్డిలో గుడ్ల మీద కూర్చోబెట్టి గంప మూస్తే, 21 రోజులు అదే చూసుకుంటుంది. తిండికి లేస్తుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, గుడ్లు తనే తిప్పుకుంటుంది. జీతం అడగదు. ఆయన మాత్రం ఇంక్యుబేటర్ కొన్నారు. వేడి 37.5 డిగ్రీలుందా, తేమ తగ్గిందా, రోజుకు మూడుసార్లయినా గుడ్లు తిప్పామా, పద్దెనిమిదో రోజు దాటాక తిప్పడం మానామా అని ఫోన్లో అలారాలు. వారానికి చీకటి గదిలో గుడ్డు వెనక టార్చి పెట్టి, ఎర్రటి నరాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేను నీళ్ళోసుకున్నప్పుడు ఒక్కసారి ఆసుపత్రికి రాని మనిషండీ అని వాళ్ళావిడ లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పారు.

కోలగా ఉన్న గుడ్డు పుంజవుతుంది, గుండ్రటిది పెట్టవుతుంది అని పెద్దల మాట. ఆయన గుండ్రటివే ఏరి పెట్టారు. తొమ్మిది పిల్లలు లేచాయి, అందులో ఆరు పుంజులు. తప్పెవరిది? మనుషుల్లో ఆడో మగో తేల్చేది తండ్రి కణం, మాటలు పడేది కోడలు. కోళ్ళలో వ్యవహారం తిరగబడి ఉంటుంది, తేల్చేది పెట్టే. ఇన్నాళ్ళకు తల్లిని న్యాయంగా ఆడిపోసుకునే అవకాశం దొరికితే, ఆయన పోయి ఇంక్యుబేటర్ కంపెనీని తిట్టారు.

మన దగ్గర కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. జర్మనీలో గుడ్డులోనే తేల్చే యంత్రాలున్నాయి, ఎందుకంటే హేచరీల్లో మగపిల్లల్ని పుట్టినరోజే చంపడాన్ని అక్కడ 2022 నుంచి నిషేధించారు. గుడ్ల జాతి పుంజు గుడ్డెలాగూ పెట్టదు, మాంసానికీ త్వరగా ఎదగదు. దానికి మేత దండగ అని లెక్క. మన ఊళ్ళలో సైకిలు బుట్టలో గులాబీరంగు, ఆకుపచ్చ కోడిపిల్లలు అమ్మకానికొస్తాయే, పిల్లలు ఏడ్చి మరీ కొనిపించుకునేవి, వాటిలో ఎక్కువ భాగం ఇలా లెక్కకు అక్కర్లేని మగపిల్లలే. రంగు వెలిసేదాకా బతికినవి తక్కువ.

నాలుగో నెలలో మా పుంజులు గొంతు విప్పాయి. వెలుగు చూసి కూస్తాయనుకుంటాం గానీ, వాటి ఒంట్లోనే గడియారం ఉందనీ, గుంపులో పెద్ద పుంజు మొదలుపెడితే మిగతావి హోదా ప్రకారం అందుకుంటాయనీ జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. అచ్చం పార్టీ ఆఫీసు. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ కథ మనకు తెలుసు. మా అసోసియేషన్ బాధల్లా మూడున్నరకే తెల్లారిపోతోందని.

మీటింగు పెట్టారు. ఆయన ఫ్రాన్సు తీర్పు పట్టుకొచ్చారు. 2019లో మోరీస్ అనే పుంజు కూత భరించలేమని పొరుగువాళ్ళు కేసు వేస్తే, కోర్టు పుంజు వైపే నిలబడింది. "అది పల్లెటూరండీ, మనది గేటెడ్ కమ్యూనిటీ" అన్నారు అధ్యక్షులవారు. వినాయక నిమజ్జనానికి డీజే పెట్టించేది ఈయనే. డీజేకి ముక్కు, తురాయి ఉండవు కనక అది శబ్దకాలుష్యం కిందికి రాదు.

కోసుకు తినెయ్యమని సలహాలొచ్చాయి. కానీ నాలుగో అంతస్తు ఆయన మనవరాలు ఆరింటికీ సినిమా హీరోల పేర్లు పెట్టింది. ఏ పుంజుది ఏ పేరో నేను చెప్పను, అభిమాన సంఘాలతో నాకెందుకు? పెంచుకుంటాం, ఊరికే ఇవ్వండి అంటూ వచ్చినవాళ్ళూ ఉన్నారు. వచ్చీ రాగానే కాళ్ళు పట్టి చూస్తారు, రెక్క విప్పి చూస్తారు, డేగా, కాకా, నెమలా అని రంగు అడుగుతారు. పెంచుకునేవాడికి అవన్నీ దేనికి? కోడిపందేలు కూడదంటూ జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది, ఆంధ్రలో గేమింగ్ చట్టం 1974 నుంచీ ఉంది. రెండూ భోగికి ముందు ఫ్లెక్సీలెక్కి, కనుమ దాటాక దిగిపోతాయి.

2024 జనవరిలో కరీంనగర్ డిపోవాళ్ళకు ఆర్టీసీ బస్సులో ఒక పుంజు దొరికితే, వేలం వేస్తామని ప్రకటించారు. ప్రయాణికుడు మరిచిపోయాడని వార్త. నిజమే అయ్యుంటుంది. మా నాలుగో అంతస్తు ఆయన మాత్రం ఆ వార్త కత్తిరించి దాచుకున్నారు, బస్సుల టైములు కూడా అడుగుతున్నారు.

ప్రస్తుతానికి ఆరు పుంజులూ మా డాబా మీదే ఉన్నాయి. కావలసినవాళ్ళు కనుమ వెళ్ళాక రండి, కాళ్ళు చూడకుండా తీసుకెళ్ళండి. ఇంక్యుబేటర్ మళ్ళీ ప్లగ్గులో పెట్టారని వాచ్‌మన్ చెప్పాడు కాబట్టి, అయిపోతాయేమోనన్న తొందర అక్కర్లేదు.