తాళాలిచ్చే పెద్దరికం

ఎంపీసీయా బైపీసీయా? నాన్నగారే తేలుస్తారు. కాలేజీ, హాస్టలు, ఆఖరికి కుర్రాడి క్రాపు కూడా ఆయన ఇష్టమే. అదే పుత్రరత్నం ‘బండి తాళాలు’ అన్నాడంటే మాత్రం ఆ పెద్దరికమంతా నీరుగారిపోతుంది. మూతి మీద మీసం మొలవనివాడు ముగ్గుర్ని ఎక్కించుకుని వీధి అదరగొడుతుంటే, ‘ఎవరూ నేర్పలేదండీ, వాడే నేర్చేసుకున్నాడు’ అని మురిపెం ఒకటి!

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టానికి ఈ మురిపెం పట్టదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. కుర్రాడికి పాతికేళ్లు నిండేదాకా లైసెన్సు ఊసే లేదు.

ఇంట్లో పులిలాంటి నాన్నగారు స్టేషన్లో చేతులు కట్టుకుని చెప్పేది ఒకటే: ‘బండి మా ఆవిడ పేరున ఉందండీ!’