అడ్రస్ మాత్రమే మాది!

దేశ భద్రత అంటే మనకు సియాచిన్ మంచు, సినిమా హీరో తుపాకీ గుర్తొస్తాయి. 2021 సెప్టెంబరులో దానికి కన్నం పడింది గుజరాత్ ముంద్రా పోర్టులో, రెండు కంటెయినర్ల రూపంలో. అఫ్ఘానిస్తాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చింది. కాగితాల్లో టాల్కు రాళ్లు, లోపల 2,988 కిలోల హెరాయిన్. విలువ 21,000 కోట్లన్నారు. తెప్పించుకున్న కంపెనీ ఎక్కడిదా అని చూస్తే, మన బెజవాడ సత్యనారాయణపురం!

ఎవరైనా ఉలిక్కిపడాలి. మనవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. అడ్రస్ ఒక్కటే ఇక్కడిది, సరుకుతో బెజవాడకు సంబంధం లేదు అన్నారు పోలీసులు. నిజమే కావచ్చు. ఆ సరుకు అమ్మిన సొమ్ము లష్కరే తోయిబాకు చేరుతుందని ఎన్ఐఏ ఆరోపించింది. మనకేం, అడ్రసే కదా ఇచ్చాం! ఇక నాయకులు, మత్తు ఎవరి హయాంలో పెరిగిందన్న లెక్కలో పడ్డారు. ఆ లెక్క తేలేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారు, అయితే గియితే.

గంజాయి మాత్రం బయటి నుంచి రానక్కర్లేదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో పండుతుంది. పేరు శీలావతి. సీతమ్మ వాకిట్లో పెంచిన తులసి మొక్కేమో అనిపిస్తుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. పంట మాది కాదంటే మాది కాదని రెండు రాష్ట్రాలూ అంటాయి. కొండకు ఆ గీత ఎక్కడుందో తెలీదు పాపం.

ప్రెస్ మీట్ మాత్రం ఎక్కడైనా ఒకటే. బల్ల మీద బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, నాలుగు సెల్‌ఫోన్లు. వెనక ముసుగేసిన ఇద్దరు కుర్రాళ్లు, కాళ్లకు హవాయి చెప్పులు. మోసినందుకు వాళ్లకు ముట్టేది కొన్ని వేలు. 20 కిలోలకు మించి చేతిలో దొరికితే పడేది కనీసం 10 ఏళ్లు. పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి పరారీలో ఉంటాడు. పరారీ అంటే, సాధారణంగా ఇంట్లోనే. సరుకు కూడా ఒక్కోసారి పరారవుతుంది: 500 కిలోలకు పైగా గంజాయిని ఎలుకలు తినేశాయని 2022లో మథుర పోలీసులు కోర్టుకు విన్నవించుకున్నారు. ఆ ఎలుకల ఆచూకీ ఇంతవరకూ దొరికినట్టు లేదు.

మత్తు ఎక్కడ దొరుకుతోందని కాలేజీని అడిగితే, మా గేటు లోపల కాదండీ, బయట పాన్‌షాపులో అంటుంది. తల్లిదండ్రులను అడిగితే, మావాడు బంగారం, స్నేహితులే చెడగొట్టారు అంటారు. ఊళ్లో ప్రతి ఇంటా ఇదే మాట. మరి ఆ చెడగొట్టిన స్నేహితుణ్ణి కన్నదెవరో! మత్తుకు డబ్బుల్లేక ఆ బంగారమే పక్కవీధి పెద్దావిడ మెళ్లో గొలుసు తెంపుకుపోయిన రోజున, వీధి భద్రత గురించి అందరికంటే గట్టిగా అరిచేదీ ఈ నాన్నే.

పరువు పోతుందని దాచిపెట్టే ఆ నాన్నకు ఒక మాట. మత్తుకు బానిసైనవాడు తక్కువ మోతాదుతో దొరికినా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు చేరి పూర్తి చేసుకుంటే, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ కింద కేసు నుంచి రక్షణ ఉంది. అమ్మేవాడి సంగతి తెలిస్తే ఆంధ్రలో 1972కి, తెలంగాణలో 1908కి ఫోన్ చేయండి. సంబంధం లేనివాళ్లు కూడా చేయొచ్చు.