నెస్యవెల్లిర్ గొట్టం ఆత్మకథ

నెస్యవెల్లిర్ గొట్టం ఐస్‌లాండ్ నైరుతి భాగంలో, హెంగిల్ అగ్నిపర్వతం ఉత్తరపు పాదం నుంచి రాజధాని రేక్యవిక్ అంచు దాకా 27 కిలోమీటర్లు సాగే ఉక్కు గొట్టం. పుట్టింది 1990లో. చేసేది ఒకటే పని, వేడినీళ్లు మోయడం. ఈ చరిత్ర రాసుకుంటున్నది గొట్టమే అయినా ఇందులో ‘నేను’ కనిపించదు. ఒక కొసన పుచ్చుకున్నదాన్ని ఇంకో కొసన అప్పజెప్పడమే బతుకైనవాళ్లకు ఆ మాట సులువుగా రాదు.

స్వతంత్ర దేశాల రాజధానులన్నిటిలోకీ ఉత్తరాన ఉన్నది రేక్యవిక్. 64 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోటు అది. నగర జనాభా దాదాపు లక్షా నలభై వేలు, దేశమంతా కలిపితే నాలుగు లక్షలకు అటూఇటూ. చూడవచ్చేవాళ్లు మామూలుగా నగరానికి ఒక రోజు, అగ్నిపర్వతాల పల్లెపట్టుకు ఇంకో రోజు అని పంచుకుంటారు. గొట్టానికి ఈ పంపకం ఎప్పుడూ అర్థం కాలేదు. దాని లెక్కలో అవి రెండూ ఒకే వస్తువుకున్న రెండు చివరలు.

గొట్టానికి పూర్వీకులున్నారు. పాత ఊరికి తూర్పున లోయ్‌గర్‌దాలుర్ అనే పల్లపు నేలలో వేడి ఊటలుండేవి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా ఊళ్లోని ఆడవాళ్లు బట్టల మూటలు మోసుకుంటూ మూడు కిలోమీటర్లు నడిచి ఉతుకు కోసం అక్కడికి వెళ్లేవారు. చలికాలమైతే మంచులో, చీకట్లో. సలసల కాగే ఊటల్లో జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు నడిచిన దారే ఇవాళ లోయ్‌గవేగుర్ అనే ప్రధాన బజారు. కాఫీ తాగుతూ, ఉన్ని స్వెట్టర్లు బేరమాడుతూ తిరిగే యాత్రికులకు అది ఒకప్పటి చాకిరేవు దారి అని చెప్పేవాళ్లు తక్కువ.

1930లో ఆ ఊటల దగ్గరే బోర్లు వేసి, మూడు కిలోమీటర్ల గొట్టంలో నీళ్లు ఊరికి తెచ్చారు. ఆసుపత్రికి, బడులకు, అరవై దాకా ఇళ్లకు అవి సరిపోయాయి. 1943లో రేకిర్ అనే చోటి నుంచి 18 కిలోమీటర్ల పెద్ద గొట్టం వచ్చింది. 1945 నాటికి దాని మీద 2,850 ఇళ్లు ఆధారపడ్డాయి. అంతకుముందు ఊరు ఓడల్లో దిగే బొగ్గుతో చలి కాచుకునేది. ఆ రోజుల ఛాయాచిత్రాల్లో ఇళ్ల కప్పుల మీద నల్లటి పొగ తెరలా పరుచుకుని కనిపిస్తుంది. 1970లలో చమురు ధర మండిపోయాక, నూనె కాల్చి ఇళ్లు వేడి చేసుకుంటున్న మిగతా ఊళ్లు కూడా భూగర్భ వేడికి మళ్లాయి. ఇప్పుడు దేశంలో పది ఇళ్లలో తొమ్మిదింటికి వెచ్చదనం నేలలోంచే వస్తుంది. నెస్యవెల్లిర్‌ను వాడుకోవాలన్న ఆలోచన 1947 నాటిదే. కట్టుబడి మొదలైంది మాత్రం 1987లో.

గొట్టం పుట్టిన చోటు రెండు భూఫలకాల మధ్య చీలిక. ఉత్తర అమెరికా ఫలకం పడమటికి, యురేషియా ఫలకం తూర్పుకు జరుగుతూ, రెండూ కలిపి ఏడాదికి దాదాపు రెండు సెంటీమీటర్లు ఎడమవుతుంటాయి. ఆ సందులో నేల పలచబడి, కింది వేడి పైకి వస్తుంది. ఇక్కడ ఒకటి రెండు కిలోమీటర్ల లోతుకు బోరు దించితే 300 డిగ్రీలు దాటిన వేడి తగులుతుంది. పైకి ఎగదన్నేది ఆవిరీ నీరూ కలిసిన మిశ్రమం. ఆవిరిని విడదీసి టర్బైన్లు తిప్పుతారు. 1998లో మొదలైన విద్యుత్తు ఇప్పుడు 120 మెగావాట్లు.

ఆ లోపలి నీటిని నేరుగా గొట్టంలోకి వదిలితే కథ తొందరగా ముగిసేది. అందులో కరిగిన సిలికా చల్లబడగానే గొట్టం గోడలకు రాయిలా పేరుకుంటుంది. అందుకని థింగ్‌వల్లావాత్న్ సరస్సు ఒడ్డున బావుల్లోంచి 4 డిగ్రీల మంచినీళ్లు తోడి, బోర్ల వేడితో వాటిని ఎనభై డిగ్రీలు దాటేలా కాస్తారు. వేడి మాత్రమే చేతులు మారుతుంది, నీళ్లు కలవవు. దీనితో ఇంకో చిక్కు వచ్చింది. మంచినీళ్లలో ఆక్సిజన్ ఉంటుంది. వేడెక్కిన నీటిలో అది ఉక్కును తినేస్తుంది. కాబట్టి ఒత్తిడి తగ్గించి నీటిని మరిగించి ఆక్సిజన్‌ను వెళ్లగొడతారు. ఇంకా మిగిలిన కొద్దిపాటి ఆక్సిజన్ కోసం భూగర్భ ఆవిరిని కాస్త కలుపుతారు. ఆ ఆవిరిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ మిగిలిన ఆక్సిజన్‌ను మింగేస్తుంది. రేక్యవిక్ స్నానాల గదుల్లో కుళ్లిన గుడ్డు వాసనేమిటని ముక్కు మూసుకునే అతిథులు తిట్టుకునేది గొట్టం ఆయుష్షు పెంచే మందునే. చన్నీళ్ల కుళాయికి ఈ వాసన ఉండదు. అది ఊట నీరు, కాచి వడబోయాల్సిన అవసరం కూడా లేదు. హోటల్ గదిలో సీసా నీళ్లు కొనడం వృథా ఖర్చు.

నేల పైన సాగే చోట గొట్టం ఒంటికి పది సెంటీమీటర్ల మందాన రాతి ఉన్ని పొర, దాని మీద అల్యూమినియం రేకు ఉన్నాయి. మొదట పంపులు నీళ్లను సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లు దాటిన గట్టు మీది ట్యాంకులోకి ఎక్కిస్తాయి. అక్కడి నుంచి పల్లమే నడిపిస్తుంది. నగరం చేరడానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. ఇంత దూరమూ వచ్చి నీళ్లు పోగొట్టుకునే వేడి సుమారు రెండు డిగ్రీలే. పొద్దున ఫ్లాస్కులో పోసిన కాఫీ మధ్యాహ్నానికి ఇంత వేడిగా ఉండదు. చల్లటి ఉక్కులోకి ఇంత వేడి నీరు వస్తే ఆ ఉక్కు కిలోమీటరుకు దాదాపు మీటరు సాగుతుంది. అందుకే గొట్టాన్ని నేలకు బిగించకుండా, దిమ్మెల మీద జరగనిచ్చి, సాగడానికి చోటు వదిలారు. భూకంపాలు మామూలైన ఈ నేలలో ఆ వెసులుబాటు ఇంకో రకంగానూ పనికొస్తుంది.

గొట్టం పక్కనే దాని కోసం వేసిన 435వ నంబరు రోడ్డు ఉంటుంది. చలికాలంలో దాన్ని మూసేస్తారు. యాత్రికుల బస్సులు ఎక్కువగా వేరే దారిన పోతాయి కానీ, గొట్టం మాట నమ్మేవాళ్లు వేసవిలో ఇటు రావాలి. చెట్లు దాదాపు ఉండవు. ఎటు చూసినా గడ్డకట్టిన లావా, దాన్ని కప్పిన బూడిద ఆకుపచ్చ నాచు. ఈ నాచు చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఒక్క అడుగు పడితే ఆ గుర్తు ఏళ్ల తరబడి పోదు. దారి దాటి అడుగేయవద్దని ఇక్కడివాళ్లు హెచ్చరించేది అందుకే. గట్టు దిగుతుంటే ఎదురుగా 84 చదరపు కిలోమీటర్ల థింగ్‌వల్లావాత్న్ కనిపిస్తుంది. దాని ఉత్తరపు ఒడ్డు థింగ్‌వెల్లిర్. 930లో దేశపు పెద్దలు ఏటా వేసవిలో సమావేశమయ్యే సభను ఆరుబయట అక్కడే ఏర్పరచుకున్నారు. సభకు గోడగా నిలిచింది ఫలకాలు విడిపోతూ ఏర్పడిన రాతి చీలికే. 1944 జూన్ 17న ఐస్‌లాండ్ గణతంత్రమైనట్టు ప్రకటించిందీ అక్కడే. 2004 నుంచి అది ప్రపంచ వారసత్వ స్థలం. ఇంకా తూర్పుకు పోతే కొన్ని నిమిషాలకోసారి నీళ్లు ఎగజిమ్మే స్ట్రోక్కుర్, 32 మీటర్ల ఎత్తు నుంచి రెండు మెట్లుగా దూకే గుల్‌ఫోస్ జలపాతం ఉన్నాయి. ఆ రెండిటికీ ఉన్న పేరు గొట్టానికి లేదు. వాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకున్న జనమే సాయంత్రం గదికి చేరి షవర్ తిప్పుతారు.

నగరంలో నీళ్లు నిలవ ఉండే ట్యాంకుల్లో అందరికీ తెలిసినవి ఓస్క్యుహ్లిద్ గుట్ట మీదివి. ఒక్కోటి నలభై లక్షల లీటర్లు పట్టే ఈ ట్యాంకుల నెత్తిన 1991లో అద్దాల గుమ్మటం కట్టి పెర్లాన్ అన్నారు. దాని చుట్టూ ఉన్న వసారాలో నడిస్తే నగరమూ సముద్రమూ కొండలూ ఒకే చుట్టులో కనిపిస్తాయి. నగర మధ్యంలో 74.5 మీటర్ల ఎత్తున్న హల్‌గ్రిమ్స్ చర్చి ఉంది. గుడ్యోన్ సామూయెల్సన్ 1937లో నమూనా గీసిన ఆ చర్చి 1986లో పూర్తయింది. దాని ముఖభాగం లావా చల్లబడినప్పుడు ఏర్పడే బసాల్టు స్తంభాలను పోలి ఉంటుంది. వాస్తుశిల్పి పల్లెపట్టును నగరంలోకి తెచ్చిన తీరు ఇది. గొట్టానికి నచ్చిన భవనం కూడా ఇదే.

ఇళ్లలో నీళ్లు రేడియేటర్లలో తిరిగి 35 డిగ్రీల దాకా చల్లబడ్డాక కూడా కొలువు దిగవు. నగర మధ్యంలో కాలిబాటల కింద పారి మంచు కరిగిస్తాయి. త్యోర్నిన్ చెరువులో ఒక మూలకు వేడినీళ్లు చేరడంతో బాతులకూ హంసలకూ చలికాలం నీళ్లు దొరుకుతాయి. ఈతకొలనుల సంగతి వేరే చెప్పాలి. ప్రతి పేటకూ ఒకటుంటుంది, ఆరుబయట, మంచు కురుస్తున్నా తెరిచే ఉంటుంది. పక్కనుండే చిన్న వేడి తొట్లలో జనం మెడదాకా మునిగి రాజకీయాలు మాట్లాడుకుంటారు. దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలన్న నియమం దగ్గర చాలామంది విదేశీయులు జంకుతారు. నీళ్లలో మందులు తక్కువ వేస్తారు కనుక ఆ నియమంలో సడలింపు లేదు. బ్లూ లగూన్‌కు బోలెడు డబ్బు పోసి వెళ్లేవాళ్లు అది ప్రకృతి వింత అనుకుంటారు. నిజానికి అది స్వార్త్‌సెంగి విద్యుత్కేంద్రం వదిలిన నీటితో ఏర్పడిన మడుగు. ఐస్‌లాండ్ వాళ్లు ఎలా బతుకుతారో చూడాలంటే పేటలోని కొలను మేలు.

నగరంలోని ఇళ్లన్నిటికీ నీళ్లు ఈ గొట్టం నుంచే రావు. కొన్ని పేటలకు నగరం లోపలి, పక్కల బోర్ల నీరు అందుతుంది. ఆ నీటిలో సిలికా, కాచిన మంచినీటిలో మెగ్నీషియం ఉంటాయి. రెండూ కలిస్తే మెగ్నీషియం సిలికేట్ పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి. గొట్టం కొత్తగా కొలువులో చేరిన రోజుల్లో ఈ సంగతి తెలిసింది. అప్పటినుంచి రెండు నీళ్లూ కలవకుండా ఏ పేటకు ఏ నీరో విడిగా పంచుతున్నారు.

వేడి ఇచ్చే నేలే గొట్టాన్ని తెంచగలదు కూడా. దక్షిణాన రేక్యనెస్ ద్వీపకల్పంలో 2021 మార్చిలో అగ్నిపర్వతం మేలుకుంది. 2023 నవంబరులో గ్రిందవిక్ ఊరు ఖాళీ చేయించారు. 2024 ఫిబ్రవరి 8న పారిన లావా స్వార్త్‌సెంగి నుంచి వేడినీళ్లు తెచ్చే గొట్టాన్ని కప్పేసి తెంచింది. గడ్డకట్టే చలిలో ఇరవై వేలకు పైగా జనం కొన్నాళ్లు వేడి లేకుండా గడిపారు. అందరూ విద్యుత్ హీటర్లు పెడితే తీగలు భారం మోయలేవని, పొదుపుగా వాడమని అధికారులు కోరాల్సి వచ్చింది. హెంగిల్ కూడా చల్లారిన కొండ కాదు. అక్కడ చివరిసారి లావా పారి దాదాపు రెండు వేల ఏళ్లయింది. ఆ పారిన చోటు నెస్యవెల్లిర్ ప్రాంతమే. రేక్యవిక్‌కు వేడి ఇప్పుడు ఒక్క దారినే రాదు. నగరంలోనూ చుట్టుపక్కలా ఉన్న బోర్లకు తోడు, హెంగిల్‌కు అవతలి పక్క హెల్లిస్‌హేయ్ది కేంద్రం నుంచి మరో గొట్టం 2010 నుంచి నీళ్లు మోస్తోంది.