చక్రానికీ కాంక్రీటుకీ మధ్య

నన్ను చాక్ అంటారు. ముక్కోణంగా పోత పోసిన నల్ల రబ్బరు దిమ్మను. ఒంటి మీద పసుపుపచ్చ పట్టీలు. నాకూ నా జంటకూ కలిపి ఒక నైలాన్ తాడు. ఘాట్ రోడ్డులో ఆగిన లారీ టైరు కింద క్లీనరు రాయి ఎందుకు పెడతాడో, విమానం చక్రానికి నన్నూ అందుకే పెడతారు. ఉండేది శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, విమానాలు ఆగే ఒక బే పక్కన. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇక్కడికి మారాయి. నేను ఆ తర్వాత చాలా ఏళ్లకు వచ్చాను.

విమానానికి బ్రేకులు ఉంటాయి కదా, నువ్వెందుకు అని అడగొచ్చు. పార్కింగ్ బ్రేకు పట్టు హైడ్రాలిక్ ఒత్తిడితో నిలిచేది. ఇంజిన్లు ఆపాక గంటల తరబడి వదిలేస్తే ఆ ఒత్తిడి దిగిపోవచ్చు. పైగా దిగొచ్చిన విమానం బ్రేకులు కాగిపోయి ఉంటాయి. అవి చల్లారాలని పైలట్లు చాలాసార్లు పార్కింగ్ బ్రేకు వదిలేస్తారు. అప్పుడు డెబ్బై టన్నుల దాకా తూగే విమానాన్ని పట్టుకుని ఉండేది నేనూ, నా తోటి దిమ్మలూ. ఇంకో సంగతి, బే చదునుగా కనిపిస్తుంది గానీ కాదు. వాన నీరూ, ఒలికిన ఇంధనమూ టెర్మినల్ వైపు రాకుండా అవతలికి పోవాలని కాంక్రీటును కొద్దిగా వాలుగా పోస్తారు. మీ కంటికి ఆనని ఆ వాలు చక్రానికి బాగా తెలుస్తుంది.

నన్ను టైరుకు ఆనించి బిగించరు. కొద్ది సందు వదులుతారు. లేకపోతే సామానూ ఇంధనమూ ఎక్కుతుంటే టైరు అణిగి నా మీదికి వస్తుంది, బయల్దేరే వేళ నన్ను లాగలేరు. ఇవి పుస్తకంలో ఉన్నా, మా పెద్దాయన మాత్రం పిల్లలకు చేత్తో చూపించే నేర్పుతాడు. ఇరవై ఏళ్లుగా ర్యాంప్ మీదే ఉన్న మనిషి. ఆయన చెప్పే మొదటి మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఎర్ర లైటు చూడు బిడ్డా. అది తిరుగుతున్నంతసేపు ఇంజిను బతికున్నట్టే."

విమానం నడుం మీదా, పొట్ట కిందా మెరిసే ఆ ఎర్ర లైటును బీకన్ అంటారు. అది ఆరాకే నన్ను తీసుకుని ముందుకు కదలాలి. నన్ను పెట్టాక కింది మనిషి రెండు చేతులూ తలపైకి చాపి, చేతుల్లోని సైగ కర్రలను లోపలికి పొడిచినట్టు కలిపి చూపిస్తాడు. చాక్స్ ఆన్. ఆ సైగ చూశాకే కాక్‌పిట్‌లో బ్రేకు వదలాలి.

డిసెంబరు రాత్రి. మూడున్నర దాటింది. గల్ఫ్ నుంచి విమానం వచ్చింది. ఆ వేళకు వచ్చేవాటిలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వాళ్లే ఎక్కువ. ఏళ్ల తర్వాత ఇంటికొస్తున్న మనుషులు, తాళ్లతో కట్టిన కార్టన్లు. మంచు పల్చగా పరుచుకుంది. నన్ను మోసుకొస్తున్న కుర్రాడిది షాద్‌నగర్ దగ్గర ఊరు. మధ్యాహ్నం డ్యూటీకి వచ్చాడు. రాత్రి రావాల్సినవాడు రాలేదని అతన్నే ఉండమన్నారు. తాడు పట్టుకున్న చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. నడుస్తూ నడుస్తూ రెండుసార్లు తల వాలేసి ఉలిక్కిపడ్డాడు.

ఇంజిన్లు ఆగాయి. బీకన్ ఆరింది. కుర్రాడు ముక్కు చక్రం దగ్గర వంగి నా జంటను ముందు వైపు తోశాడు. నన్ను వెనక వైపుకు తెస్తున్నాడు. నా అంచు మీద అతని నాలుగు వేళ్లున్నాయి. ఆ క్షణంలో టైరు కదిలింది. చప్పుడు లేదు. టైరు మీది మచ్చ ఒకటి పైనుంచి కిందికి దిగడం నాకు కనబడింది, దాని వెనకే ఇంకొకటి.

"చెయ్యి తియ్! చెయ్యి తియ్‌రా!" పెద్దాయన కేక. ఆయన బూటు నన్ను చక్రం కిందికి తన్నింది. కుర్రాడు వెనక్కి పడ్డాడు. ముక్కు చక్రం మీద పడేది మొత్తం బరువులో చిన్న వాటాయే, అయినా టన్నుల లెక్క. అదంతా నా మీదికి వచ్చింది. రబ్బరు నొక్కుకుంది, జానెడు జరిగాను, విమానం ఆగింది. లోపల బ్రేకు మళ్లీ పడింది.

ప్రయాణికులంతా దిగాక కెప్టెన్ కిందికి వచ్చాడు. టోపీ లేదు. ముక్కు చక్రం దగ్గర వంగి నన్ను చేత్తో తడిమి చూశాడు.

"దెబ్బేమైనా తగిలిందా తమ్ముడూ?"

"లేదు సార్."

"మీరు సిగ్నల్ ఇవ్వడం చూశాననుకున్నాను. ఇవ్వలేదు కదా?"

"ఇంక ఇయ్యలే సార్. చాక్ పెడుతుంటిమి," అన్నాడు పెద్దాయన.

కెప్టెన్ తల ఊపాడు. కాస్త ఆగి, "దెబ్బేమైనా తగిలిందా?" అని మళ్లీ అడిగాడు. ఇందాకే అడిగిన సంగతి ఆయనకు గుర్తు లేదు. అది వరసగా మూడో రాత్రి అని కో-పైలట్ మెల్లగా చెప్పాడు. అబద్ధమాడే మనిషి ముఖం కాదు కెప్టెన్‌ది. లేని సైగను ఆయన నిజంగానే చూశాడు. నిద్రలేని మెదడు తాను చూడాలనుకున్నదాన్ని కళ్ల ముందు పెట్టేస్తుంది. రాత్రి రెండు నుంచి ఆరు దాకా శరీరం పూర్తిగా కిందికి జారే వేళ. కాఫీ దాన్ని కొంచెం జరుపుతుందేమో గానీ ఆపలేదు.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది పోయారు, ఎనిమిది మందే బతికారు. దారిలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయిన ఆనవాళ్లు కాక్‌పిట్ రికార్డింగులో ఉన్నాయని విచారణ తేల్చింది. దిగడం మానేసి మళ్లీ పైకి లేపమని కో-పైలట్ ఒకటికి మూడుసార్లు చెప్పాడు. గాఢనిద్ర లోంచి లేచిన మెదడు పూర్తిగా తేరుకోవడానికి సమయం పడుతుంది, ఆ సమయం ఆ ఉదయం దొరకలేదు. 2015 డిసెంబరు 16న ముంబయిలో హైదరాబాద్‌కు బయల్దేరుతున్న విమానాన్ని వెనక్కి నెడుతుండగా ఇంజిన్ ఒక టెక్నీషియన్‌ను లోపలికి లాగేసింది. కింది నుంచి వచ్చిన సైగను పైన పొరపాటుగా అర్థం చేసుకున్నారని అప్పట్లో చెప్పారు. ఆ విమానం మా ఊరికి రావాల్సింది. ఏదో ఒక బేలో నాలాంటిదొకటి దాని కోసం సిద్ధంగా ఉండే ఉంటుంది.

పైలట్ల పని గంటలకు లెక్క ఉంది. చాక్స్ తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా బ్లాక్ టైమ్. ఏడాదికి వెయ్యి గంటలు మించకూడదు. 2024 జనవరిలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు బిగించింది. వారానికి 36 గంటల విశ్రాంతిని 48 చేసింది. రాత్రి అంటే ఐదింటిదాకా కాదు, ఆరింటిదాకా అంది. రాత్రి ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. అలసట మీద మూడు నెలలకోసారి నివేదిక ఇమ్మంది. అమలు మాత్రం వాయిదా పడి, కోర్టు దాకా వెళ్లి, 2025 జులైలో కొంత, నవంబరులో మిగతాదీ వచ్చింది. కొత్త లెక్కకు పైలట్లు చాలక డిసెంబరు మొదట్లో వేల విమానాలు రద్దయ్యాయి, ప్రయాణికులు సూట్‌కేసుల మీద పడుకున్నారు. వెంటనే రాత్రి నిబంధనలకు తాత్కాలికంగా సడలింపు ఇచ్చారు. సరిపడా మనుషుల్ని ముందుగా పెట్టుకోకపోతే లోటు పూడ్చేది మనిషి నిద్రే అని నాకు అప్పుడు తెలిసింది. అది నాకు బాధ. ఇంకో బాధ ఉంది. ఆ నిబంధనల్లో నా తాడు పట్టుకునే కుర్రాడి నిద్ర ఎక్కడా లేదు. ఇంజిను ముందు నాలుగైదు మీటర్ల దూరంలో తిరిగేది అతనే.

ఆ రాత్రి కెప్టెన్ రిపోర్టు రాస్తానన్నాడు. "రాయండి సార్, మా వోడు డబల్ డ్యూటీ చేస్తున్నడని కూడా రాయండి," అన్నాడు పెద్దాయన. కెప్టెన్ కుర్రాడి వైపు చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. "ఎన్నింటికి వచ్చావు?" అడిగాడు. కుర్రాడు వెంటనే జవాబివ్వలేదు. పెద్దాయన వైపు చూశాడు. చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న లెక్క ఆ చూపులో కనిపించింది. చివరికి చెప్పాడు. "రెండింటికి సార్. నిన్న మధ్యాహ్నం."

నాలుగున్నరకు ఇంకో విమానం బేలోకి వచ్చింది. పెద్దాయన కుర్రాణ్ని బస్సు మెట్ల మీద కూచోబెట్టి తానే నన్ను ఎత్తుకున్నాడు. ఆయనకూ నడుం నొప్పి, తాడు ఎడమ చేతికి మార్చుకున్నాడు. ముక్కు చక్రం గీత మీద ఆగింది. మంచులో ఎర్ర లైటు ఇంకా తిరుగుతోంది. ఆయన కదల్లేదు. నేనూ ఆయన చేతిలో వేలాడుతూ ఆ లైటు వైపే చూస్తున్నాను.