చిట్టికి దేవునర్రల సుత తొవ్వ దొరికింది

మా రోజుల్ల ఇల్లు ఊడ్వాలంటే చీపురు పట్టాలె, నడుము వంచాలె. మొన్న నల్లగొండ నుంచి పట్నంల కొడుకింటికి పోయిన. సోఫా కింది నుంచి దోసెపెనమంత గుండ్రటి మిషినొకటి ఎల్లొచ్చి కాలికి తాకింది. ఉలిక్కిపడి కాళ్ళు పైకి పెట్టుకున్న.

"మామయ్యా, మన చిట్టి ఏం జెయ్యదు" అన్నది కోడలు. 2010ల వచ్చిన రజనీకాంత్ 'రోబో' సినిమాల ఉన్న మరమనిషి పేరు దీనికి పెట్టుకున్నరు. 'మన' అట! కొని నెల సుత కాలేదు.

గా చిట్టి వంటింట్లకు పోతది, దేవునర్రల ఊడ్చొస్తది. ఇల్లంత పటం గీసి ఫోన్‌ల చూపెడతది. దాని బ్రష్‌కు వెంట్రుకలు చుట్టుకుంటే మా మనుమరాలు పక్కన కూసొని, పేలు చూసినట్టు ఒక్కొక్కటే కత్తిరించి తీస్తది. బోళ్ళు తోమే ఆమెది మక్తల్ దిక్కు. మూడేండ్ల సంది వస్తున్నది, ఇంతవరకు దేవునర్ర గడప తొక్కలేదు. ఆమె చాయ గ్లాసు సింకు కింద వేరేగ బోర్లించి ఉంటది.

మా రోజులు బంగారమని నేననను. మా ఇంట్ల జీతగాడు కొట్టంల కూసొని తినేటోడు, దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేటోళ్ళం. నేను సుత పోసిన. కాకపోతే మేం చేసే తప్పు ఊరందరికి కనపడేది. ఇప్పటోళ్ళది సింకు కింద ఉంటది.

అసలు 'రోబో' అనే మాటే 1920ల చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం నుంచి వచ్చింది. వాళ్ళ భాషల 'రొబోత' అంటే వెట్టి. వెట్టంటే ఏందో మా జిల్లోళ్ళకు ఒకరు చెప్పాల్నా? 1946ల జనం దొరల గడీల మీదికి లేచిందే అందుకు.

అమెరికాల బొగార్డస్ అనేటాయన 1925ల ఒక కొలత పెట్టిండు: ఫలానోళ్ళతోని వియ్యమందుతవా, పక్కింట్ల ఉండనిస్తవా, దేశంలకన్న రానిస్తవా అని మెట్లు మెట్లుగ అడుగుడు. మా కోడల్ని అడిగితే చిట్టి పైమెట్టు మీదనే కూసుంటది. అది కూలి పెంచమనదు, ఎదురు మాట్లాడదు, దాని కులం అడిగేటోడు లేడు. చుట్టమైతది మరి.

నిన్న అదే చిట్టి మంచం కింద ఇరికింది. పండుకొని, చెయ్యి చాపి గుంజింది ఎవరు? మక్తలామెనే.

చాయ తాగినంక నా గ్లాసు కడిగి, ఆమె గ్లాసు పక్కన సింకు కింద బోర్లించిన. పొద్దుగూకేసరికి నాది మళ్ళ అల్మార్ల ఉన్నది.