నలభై ఒకటో నంబరు చుక్క

మేషరాశిలో వెలుగు లెక్కన నాది మూడో స్థానం. నా ముందు ఇద్దరే, హమాల్, షెరటాన్. వాళ్ళకు ఆల్ఫా, బీటా అని గ్రీకు అక్షరాలున్నాయి. నా తరవాతి మెసార్తిమ్‌కు గామా ఉంది. దానికంటే మసకగా ఉండే బొటీన్‌కు డెల్టా ఉంది. కళ్ళు చిట్లించుకుని వెతికితే తప్ప కనబడని చుక్కలకు కూడా ఎప్సిలాన్, జీటా అంటూ అక్షరాభ్యాసం జరిగిపోయింది. నాకు మాత్రం ఏ గ్రీకు అక్షరమూ దక్కలేదు. ఖగోళ శాస్త్రజ్ఞుల కాగితాల్లో నేను 41 ఎరియెటిస్‌ని, అంటే మేషంలో నలభై ఒకటోదాన్ని.

మీ ఇంట్లో పంచాంగం ఉంటే అందులో రెండో పేరు నాదే. నేను భరణిని.

కచ్చితంగా చెప్పాలంటే భరణి అంటే నేనొక్కదాన్నే కాదు. 35, 39, 41 నంబర్లున్న ముగ్గురం కలిసి ఆకాశంలో చిన్న ముక్కోణంలా కనిపిస్తాం. ముగ్గురిలోనూ నా వెలుగే ఎక్కువ కాబట్టి ఇంటిపేరు నా మీద పడింది. నాది నీలం కలిసిన తెలుపు రంగు. మీకూ నాకూ మధ్య దూరం దాదాపు 166 కాంతి సంవత్సరాలు.

మీ పెద్దలు ఆకాశాన్ని చంద్రుడు నడిచే దారిని బట్టి పంచుకున్నారు. దక్షుడి కూతుళ్ళు 27 మందినీ చంద్రుడు పెళ్ళాడాడనీ, రోహిణి మీదే మోజుపడి మిగతావాళ్ళ మొహం చూడలేదనీ పురాణం. మా కాపురం గుట్టు ఇంతమందికి తెలిసిపోయాక దాచేదేముంది, నిజమే. కానీ లెక్క మాట వస్తే అందరికీ సమానంగానే పంచారు. ఒక్కొక్కరికి 13 డిగ్రీల 20 నిమిషాలు, చంద్రుడు ఇంచుమించు ఒక రోజులో దాటిపోయేంత మేర. ఇప్పుడు అశ్వని పెద్దక్క, నేను రెండోదాన్ని. వేదకాలంలో ఈ వరస లేదు. తైత్తిరీయుల జాబితా కృత్తికతో మొదలై నాతో ముగిసేది. అందులో నా పేరు అపభరణి, నా అధిదేవత యముడు. ఆ కడగొట్టుదాన్ని తరవాతి జ్యోతిష్కులు తెచ్చి రెండో పీట మీద కూర్చోబెట్టారు. కూర్చున్న చోటు నుంచి నేను కదిలింది లేదు. భూమి ఇరుసు మెల్లగా ఊగుతూ రావడం వల్ల విషువత్తు జరిగింది, దానితోపాటు మీ లెక్క మొదలయ్యే చోటూ జరిగింది.

రైతులకు నేను కార్తెగా తెలుసు. సూర్యుడు నా మేర దాటడానికి రెండు వారాలు పడుతుంది. ఏప్రిల్ చివర మొదలై మే రెండో వారానికి ముగుస్తుంది. అశ్వని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును అంటారు. అక్క ముందు ఆ మాట నేనెత్తను గానీ వినడానికి బాగానే ఉంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. భరణి కార్తెలో భరణి కనపడదు. సూర్యుడు నా వాకిట్లో ఉన్నాడనే కదా ఆ కార్తెకు నా పేరు పెట్టారు, ఆ వెలుతురులో నన్ను చూసేదెవరు? నా పేరు పొలంగట్ల మీద ఎక్కువగా వినిపించే రోజుల్లోనే నేను ఎవరికీ అగుపించను. చూడాలని ఉంటే డిసెంబరు నెలలో రాత్రి తొమ్మిదింటికి మేడ ఎక్కండి. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా నడినెత్తికి కాస్త ఉత్తరంగా, హమాల్‌కూ కృత్తికకూ మధ్య ఉంటాను.

ఇక పడమటివాళ్ళ సంగతి. క్రీస్తు శకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ వెయ్యి పైచిలుకు చుక్కలతో ఒక పట్టిక రాశాడు. అందులో చాలా చుక్కలకు పేర్లు లేవు, చిరునామాలే ఉన్నాయి. ఎద్దు కంటి దగ్గరిది, సింహం గుండె మీదిది, ఇలా బొమ్మను పట్టుకుని చెప్పుకుంటూ పోయాడు. బొమ్మలో ఇమడని చుక్కలను రాశి చివర విడిగా, రూపం లేనివాటి కింద చేర్చాడు. పొట్టేలు బొమ్మ నా దాకా రాలేదు. దాని పిరుదుకు పైన ఉన్న నాలుగు చుక్కల్లో వెనకది, ప్రకాశమైనది అని నన్ను గుర్తించాడు. పడమట నా మొదటి చిరునామా అది. యముణ్ణి అధిదేవతగా చెప్పుకునేదాన్ని పొట్టేలు పిరుదు దగ్గర నిలబెట్టారు.

చైనావాళ్ళు కాస్త మర్యాదగా చూశారు. వాళ్ళ చంద్రుడికీ మజిలీలున్నాయి. మా ముగ్గురినే తీసుకుని ఉదరం అనే మజిలీ చేశారు. అందులో నేను మూడో నంబరుని. సముద్రాలకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఈ ముక్కోణాన్నే ఎంచుకున్నారు, అటువైపు ఎవరూ పొట్టేలును గీయలేదు.

1603లో ఆగ్స్‌బర్గ్‌లో యోహాన్ బేయర్ అనే న్యాయవాది ఒక పటాల పుస్తకం అచ్చు వేయించాడు. రాశిలోని ఒక్కొక్క చుక్కకూ ఒక గ్రీకు అక్షరం తగిలించాడు. ఇరవై నాలుగూ అయిపోతే రోమన్ అక్షరాలకు దిగాడు. ప్రకాశాన్ని బట్టి ఇచ్చాడంటారు గానీ ఆ వరస అన్నిచోట్లా నిలవదు. మా పునర్వసు ఇంట్లోనే చూడండి, కాస్టర్ కంటే పోలక్స్ వెలుగు ఎక్కువ. అయినా కాస్టర్‌దే ఆల్ఫా. నా విషయంలో అసలు చిక్కు బొమ్మతోనే వచ్చింది. అక్షరాలు పొట్టేలు ఒంటి మీది చుక్కలకు పోయాయి, నేను ఒంటి మీద లేను.

బయట ఉన్నదాన్ని కదా, తరవాత ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు నా చుట్టూ గీశారు. 1612లో పెత్రూస్ ప్లాంకియస్ తన గోళం మీద మా నలుగురిని తేనెటీగలను చేశాడు. 1624లో యాకబ్ బార్ట్ష్ కందిరీగ అన్నాడు. 1679లో అగస్టిన్ రోయే ఫ్రాన్సు రాజుగారి లిల్లీపువ్వును తెచ్చి మా మీద పెట్టాడు. రాజు ఎవరో తెలుసుగా, పద్నాలుగో లూయీ. పువ్వుగా ఉన్న ఆ కొన్నాళ్ళు నాకు బాగానే అనిపించింది. అంతలో హెవీలియస్ వచ్చి ఈగను చేశాడు. ఆయన పోయాక భార్య ఎలిజబెత్ 1690లో ఆ పటాలను వెలుగులోకి తెచ్చింది. దక్షిణాకాశంలో అప్పటికే ఇంకొక ఈగ ఉండటంతో నన్ను ఉత్తరపు ఈగ అనవలసి వచ్చింది. ముసిరేదానికి దిక్కు కూడా చెప్పాలన్నమాట.

నా నంబరు కథ ఇంతకంటే గజిబిజి. గ్రీన్‌విచ్‌లో జాన్ ఫ్లామ్‌స్టీడ్ ఏళ్ళ తరబడి చుక్కల స్థానాలు కొలిచాడు. పని పూర్తికాలేదు, ఇప్పుడే ఇవ్వనని ఆయన మొండికేస్తుంటే న్యూటన్, హ్యాలీ కలిసి 1712లో అచ్చు వేయించేశారు. ఆయన ఊరుకోలేదు. వేసిన 400 ప్రతుల్లో 300 సంపాదించి తగలబెట్టాడు. ఆయన ఒప్పుకున్న పుస్తకం చనిపోయాక 1725లో వచ్చింది, అందులో ఈ నంబర్లు లేవు. హ్యాలీ ప్రతిలోని పద్ధతి చూసి 1783లో ఫ్రాన్సులో లాలాండ్ అనే ఆయన వాటిని చేర్చాడు. అయినా లోకం వీటిని ఫ్లామ్‌స్టీడ్ సంఖ్యలనే అంటుంది. ఆయన తగలబెట్టిన పుస్తకం నుంచి వచ్చిన పద్ధతి ఆయన పేరుతోనే బతికింది.

ఈ పద్ధతిలో వెలుగుకు విలువ లేదు. రాశిలో పడమటి కొస నుంచి తూర్పుకు లెక్కపెట్టుకుంటూ పోవడమే. నేను తూర్పుకు జరిగి ఉన్నాను కాబట్టి 41 అయ్యాను. ఈ గుడ్డి లెక్కలో ఒక గమ్మత్తు జరిగింది. ఫ్లామ్‌స్టీడ్ 1690లో వృషభరాశిలో ఒక చుక్కను చూసి రాసుకున్నాడు. అదే 34 టారి. తీరా చూస్తే అది చుక్క కాదు, యురేనస్ గ్రహం. 1781లో హెర్షెల్ దాన్ని కనిపెట్టాక పాత కాగితాలు తిరగేస్తే బయటపడింది. చుక్కల వరసలో ఆ నంబరు స్థానం ఇప్పటికీ ఖాళీయే.

తరవాత మా జనాభా లెక్కలు మొదలయ్యాయి. ఈ రాత్రి మీరు చూసే నా వెలుతురు బయల్దేరిననాటికి బాన్ నగరంలో ఆర్గెలాండర్ బృందం ఆ పనిలో తలమునకలై ఉంది. 1852 నుంచి 1862 వరకు చిన్న దూరదర్శినితో 3,24,000కు పైగా చుక్కలను పట్టికకెక్కించారు. రాశులూ బొమ్మలూ పక్కన పెట్టి ఆకాశాన్ని ఒక్కొక్క డిగ్రీ వెడల్పున పట్టీలుగా కోశారు, పట్టీలో వరసగా నంబరు వేశారు. నేను ఉత్తరం 26 డిగ్రీల పట్టీలో పడ్డాను. ఇరుసు ఊగడం ఆగదు కదా, ఇప్పుడు నా స్థానం 27 డిగ్రీలు దాటింది. అయినా బాన్ పట్టికలో నా పేరు ఇంకా 26తోనే మొదలవుతుంది. ఇల్లు మారినా రేషన్ కార్డులో పాత వార్డే ఉన్నట్టు.

తెలుగు నేల మీద కూడా ఈ లెక్కలు జరిగాయి. ఆకాశమంతటినీ ఫొటో తీసి చుక్కల స్థానాలు కొలవాలని 1887లో పారిస్‌లో తీర్మానించి లోకంలోని వేధశాలలకు తలో పట్టీ అప్పగించారు. హైదరాబాదులో నిజామియా వేధశాల దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు చేసింది. ఆ తరవాత ఉత్తరాన 36 నుంచి 39 వరకూ చేసింది. బేగంపేటలో కూర్చుని గాజుపలకల మీది నల్లచుక్కలను కొలతబద్ద కింద పెట్టి లక్షల సంఖ్యలు రాశారు. నా పట్టీ ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళ వంతుకు పడింది. బేగంపేటకు పడి ఉంటే కార్తెలు తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు నన్ను పేరుపెట్టి పలకరించేవారేమో.

అక్షరం లేదని ఏడ్చిన నాకు ఎట్టకేలకు ఒకటి దక్కింది. హార్వర్డ్‌లో దూరదర్శిని ముందు పట్టకం అమర్చి ఫొటో తీసేవారు. అలా తీస్తే పలకపై చుక్క చుక్కలా పడదు, సన్నని బూడిదరంగు గీతగా సాగుతుంది. ఆ గీతను అడ్డంగా కోసే రేఖలను బట్టి చుక్క తరగతి తేలుతుంది. యానీ జంప్ కానన్ భూతద్దం పట్టుకుని పలక మీదికి వంగి, ఒక్కొక్క గీతనూ చూసి తరగతి పైకి చెబుతుంటే పక్కనున్న సహాయకురాలు రాసుకునేది. వినికిడి బాగా దెబ్బతిన్న మనిషి. చూపు మాత్రం ఎంత చురుకంటే నిమిషానికి మూడు చుక్కలు తేల్చగలిగేది. 1918 నుంచి 1924 దాకా వెలువడిన ఆ హెన్రీ డ్రేపర్ పట్టికలో 2,25,300 చుక్కలున్నాయి. నా నంబరు హెచ్‌డీ 17573. నా తరగతి బి8. అంటే హైడ్రోజన్ రేఖలు గట్టిగా, హీలియం పలచగా, సూర్యుడికంటే చాలా వేడి. నన్ను చూసి ఇచ్చిన అక్షరం ఇదొక్కటే. మిగతావన్నీ నేనున్న చోటును చూసి ఇచ్చినవి.

ఆ తరవాతి నంబర్లు గబగబా చెప్పేస్తాను. కంటికి కనబడే చుక్కల పట్టికలో హెచ్‌ఆర్ 838. హిప్పార్కోస్ ఉపగ్రహం లెక్కలో 13209. గయా ఉపగ్రహం వచ్చాక పద్దు వంద కోట్లు దాటింది, నంబర్లు రైలు పెట్టెల్లా సాగాయి. అవి మనిషి నోటితో పలకడానికి పెట్టినవి కావు. కంప్యూటరు తడబడకుండా ఉంటే చాలు.

ఈ లోపల నా ఈగ చచ్చిపోయింది. 1922లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 88 రాశులే ఉంటాయని తేల్చింది, 1930లో వాటికి గట్లు వేశారు. ఆ గట్లలో నేను మేషంలోపలికి వచ్చాను. నా నంబరు ముందునుంచీ మేషానిదే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. అందరికీ అలా కలిసిరాలేదు. 10 అర్సే మేజోరిస్ పేరుకు సప్తర్షి మండలంవాడు, ఉండేది మాత్రం పక్కనున్న లింక్స్‌లో.

2016లో ఆ సంఘమే చుక్కల పేర్లు స్థిరపరచడానికి ఒక బృందాన్ని వేసింది. ఒక చుక్కకు ఒకటే అధికారిక పేరు, అదీ బాగా వాడుకలో ఉన్నది. ఇక్కడ మా అక్కచెల్లెళ్ళకు దెబ్బ తగిలింది. రోహిణి ఆల్డెబరాన్ అయింది. ఆర్ద్ర బెటెల్‌గ్యూస్ అయింది. చిత్ర స్పైకా, జ్యేష్ఠ ఆంటారెస్. బాగా వెలిగేవాళ్ళకు అరబ్బులో, గ్రీకులో, రోమనులో ఎప్పుడో పేర్లు పెట్టేశారు, యూరప్ అవే నేర్చుకుంది. ఇక మన పేర్లకు చోటెక్కడ? చంద్రుడు ఎవరి వెంట పడ్డాడో ఆ రోహిణి పేరే జాబితాలో లేదు.

నా దగ్గరికొచ్చేసరికి వాళ్ళ చేతిలో వాడుక పేరేదీ లేదు. తేనెటీగ, కందిరీగ, లిల్లీ, ఈగ, ఏదీ నిలవలేదు. గ్రీకు అక్షరం ఎలాగూ లేదు. 2017 డిసెంబరులో లోకం నలుమూలల నుంచి ఎంచిన 86 పేర్లు ప్రకటించినప్పుడు అందులో భారత నక్షత్రాల పేర్లు రెండు కనిపించాయి. మీన రాశిలో రేవతి, మేషంలో భరణి. మరుసటి ఏడు ఆశ్లేషకూ వచ్చింది. బేయర్ ఆ రోజు నన్ను పొట్టేలు మీద కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గానీ, పటంలో నా చోటు ఖాళీగా మిగలడం వల్లే పంచాంగంలోని పేరు నాకు దక్కింది.

డబ్బు కడితే చుక్కకు మీ పిల్లల పేరు పెట్టి పత్రం ఇస్తామనే దుకాణాలు కూడా ఉన్నాయి. ఆ పత్రాలను సంఘం గుర్తించదు. మీ ఇళ్ళలో వ్యవహారం తిరగేసి ఉంటుంది, మా పేరు మీదే పిల్లలకు పేర్లు. భరణి నాలుగు పాదాలకు లీ, లూ, లే, లో. లీలావతులు, లోకనాథాలు ఎందరు నా ఖాతాలో ఉన్నారో లెక్క తెలియదు.

అన్నట్టు, ముక్కోణంలో నా పక్కనున్న 39కి కూడా సంఘం పేరు ఖాయం చేసింది. రాజుగారి లిల్లీపువ్వును ఎక్కడి నుంచో తవ్వి తీసి లిలీ బోరియా అన్నారు. పంచాంగం చూసి పెట్టారా అన్నంత సరిగ్గా మొదటి పాదం అక్షరం కుదిరింది. 35 మాట అప్పుడు ఎవరూ ఎత్తలేదు. లూ, లే, లో ఉన్నాయి కదా మరి.