ఇచ్చిన చెయ్యి: పూరీ గేట్ ఆత్మకథ

నేను ఖరగ్‌పూర్‌లో రైలు పట్టాల మీది పూరీ గేట్‌ను. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ల మాట నాకు అలవాటే, అందుకే ఈ కథ తెలుగులో. ఎవరిని ఎప్పుడు ఆపాలన్నదే నా బతుకు కాబట్టి, కుర్రాళ్ల చేతికి తుపాకీ చేరకుండా ఆపే చట్టాల మీద నాకో అభిప్రాయం ఉంది. పుచ్చుకునే చేతికంటే ముందు ఇచ్చే చేతిని ఆపాలి. తెల్లదొరల 1878 ఆయుధ చట్టానికి అసలు చింత వేరు. యూరోపియన్లకు లైసెన్సు గొడవ లేకుండా చేసి, సామాన్య భారతీయుణ్ని ఏ వయసువాడైనా అనుమానంగానే చూసింది. స్వతంత్ర భారతం 1959లో చేసిన చట్టం తొమ్మిదో సెక్షన్‌లో వయసును గీతగా పెట్టింది. పదహారేళ్లు నిండనివాడు తుపాకీ సంపాదించకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అంతటితో ఆగకుండా, అలాంటివాడికి ఎవరూ అమ్మకూడదు, అప్పగించకూడదు అని కూడా అంది. 1983 సవరణ ఆ గీతను 21కి జరిపింది.

ఇక్కడే మా మేదినీపూర్ జిల్లావాళ్లు అడ్డుతగులుతారు: మా ఖుదీరాం బోస్ సంగతేమిటి? 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో జడ్జి కింగ్స్‌ఫర్డ్ బండి అనుకుని వేసిన బాంబుకు కెన్నెడీ తల్లీకూతుళ్లు బలయ్యారు. మర్నాడు వైనీ స్టేషన్‌లో రివాల్వర్లతో, తూటాలతో దొరికిన ఖుదీరాం 1889 డిసెంబరు 3న పుట్టినవాడు. 1959 గీత ప్రకారం పెద్దవాడు, 1983 గీత ప్రకారం కాడు. చూశారా, వయసు గీతలన్నీ ఉత్తుత్తివే అంటారు. నిజమే, గీత ఎక్కడ గీసినా ఎవడో ఒకడు అంచున నిలబడతాడు. నాకు కనబడేది మరొకటి. ఆ బాంబు చేసింది పారిస్‌లో ఆ విద్య నేర్చుకొచ్చిన హేమచంద్ర కానుంగో, ఆయనదీ మేదినీపూర్ జిల్లాయే. పంపింది బారీంద్ర ఘోష్ విప్లవ బృందం. అలీపూర్ బాంబు కేసులో హేమచంద్రకీ, బారీంద్రకీ చివరికి మిగిలింది ద్వీపాంతర శిక్ష. ఆగస్టు 11న ఉరికంబమెక్కింది కుర్రాడు. అతని తెగువను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆయుధం తనంతట తాను నడిచి రాదు.

మరి తుపాకీ పోటీలకు సాధన చేసే పిల్లల మాటేమిటంటే, ఆయుధ చట్టం తొమ్మిదో సెక్షనే నిబంధనలకు లోబడి శిక్షణకు దారి వదిలింది. గట్టి అభ్యంతరం వేరే ఉంది: లైసెన్సే లేని నాటు తుపాకీని సెక్షన్లేం ఆపుతాయి? లైసెన్సు చట్టం ఒక్కటే అయితే ఆపలేదు. కానీ 2015 బాలల న్యాయ చట్టం 83వ సెక్షన్ లైసెన్సు ఊసెత్తదు. పిల్లల్ని సాయుధ ముఠాలో చేర్చుకున్నా, పెద్దలు అక్రమ పనులకు వాడుకున్నా ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల జరిమానా. పడేది ఆ పెద్దలకే.